నడిచొచ్చిన దుంగలు, నడిపించిన జనాలు

చైనా మింగ్ వంశపు చక్రవర్తి యోంగ్లె గారికి 1406లో బీజింగ్‌లో ప్యాలెస్ కట్టాలని మనసైంది, అదీ మామూలు కలపతో కాదు, నన్ము అనే భారీ చెట్ల మాన్లతోనే, అవి దొరికేదేమో ఎక్కడో దక్షిణాన సిచువాన్, హుగ్వాంగ్ రాష్ట్రాల అడవుల్లో. పక్కూరి చెట్లతో కట్టుకుంటే ఇంక చక్రవర్తి అయ్యి ఏం లాభం చెప్పండి.

పనుల శాఖ మంత్రి సోంగ్ లీ గారు సిచువాన్ వెళ్లి ఒక రిపోర్ట్ పంపారు. కొన్ని భారీ మాన్లు మనిషి చెయ్యి పడకుండానే రాత్రికి రాత్రి లోయ దాటి నదికి చేరుకున్నాయట! టెండర్ లేదు, కూలీ లేదు, బత్తా లేదు. చక్రవర్తి ఎంక్వైరీ వెయ్యలేదు, ఆ కొండకి దివ్యవృక్షాల కొండ అని పేరు పెట్టి పూజలు చెయ్యడానికి ఆఫీసర్లని పంపాడు.

మరి సిచువాన్‌లో "అడవిలోకి వెయ్యిమంది పోతే బయటికొచ్చేది ఐదొందలు" అనే మాట ఎందుకు పుట్టిందో? నడిచొచ్చే దుంగలకి అడ్డం నిలబడి ఉంటారు, ట్రాఫిక్ సెన్స్ లేని జనం.

గిట్టనివాళ్ళు ఇంకోలా చెప్తారు, మానుని నరికి లోయలోకి జార్చి, వరద కోసం కాపలా కూర్చుని, వరదొచ్చాక యాంగ్జీ నదిలోకి వదిలి, తెప్పలు కట్టి, గ్రాండ్ కెనాల్ అనే పెద్ద కాలువ మీదుగా ఉత్తరానికి లాక్కుపోయేవాళ్ళని, ఏళ్ళకేళ్ళు పట్టేదని. కెనాల్‌లో పూడిపోయిన భాగాన్ని 1411లో లక్షకు పైగా కూలీలతో తవ్వించింది కూడా మన సోంగ్ లీ గారే, కొండ దిగడం వచ్చిన దుంగలకి మైదానంలో నడవడం రాదేమో పాపం.

1421లో ప్యాలెస్ ప్రారంభమైంది, నాలుగు నెలలైనా తిరక్కుండా పిడుగు పడి మూడు పెద్ద హాళ్ళూ కాలిపోయాయి. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి అన్నాడు చక్రవర్తి. షియావ్ యీ అనే అధికారి రాజధాని బీజింగ్‌కి మార్చడమే తప్పని నిజంగానే చెప్పేశాడు, చంపించారు. అడిగితే మాత్రం చెప్పేయడమేనా?

మళ్ళీ కట్టారు, 1557లో కాలింది, మళ్ళీ కట్టారు, 1597లో కాలింది. ఆ చివరిసారి కలపకే 93 లక్షల టేల్స్ (అప్పటి చైనా తూకం) వెండి పైగా అయిందనీ, అదంతా జనం దగ్గరే వసూలు చేశారనీ మింగ్ చరిత్రలో రాశారు. వాటంతటవే నడిచొచ్చిన దుంగలకి ఎంత తగ్గించారో మాత్రం రాయలేదు.

తర్వాత వంశంలో కాంగ్షీ చక్రవర్తి 1695లో పెద్ద హాలు మళ్ళీ కట్టించేటప్పటికి అంతంత నన్ము మాన్లు దొరక్క స్తంభాలకి పైన్ కలపతో సరిపెట్టారు. హాలు ఇప్పటికీ నిలబడే ఉంది, యోంగ్లె గారికి మాత్రం ఎవరూ చెప్పకండి.