విమానం పొలంలో దిగిన రోజు: ఎవరి కుర్చీ ఖాళీ అయ్యేది?

1993 నవంబరు 15. మద్రాసు నుంచి బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం బేగంపేట మీదికి వచ్చింది. కిందేమీ సరిగ్గా కనిపించడం లేదు. దిగబోయి, కుదరక, మళ్లీ పైకి లేచింది. చిక్కు అక్కడే వచ్చింది. దిగేటప్పుడు వేగం తగ్గడానికి రెక్కలకు పరిచే ఫ్లాప్స్ తిరిగి లోపలికి పోలేదు. అవి తెరుచుకునే ఉంటే విమానం పరిస్థితి ఎదురుగాలిలో గొడుగు విప్పుకుని నడిచే మనిషిలా ఉంటుంది. పైకి పోలేదు, వేగం అందుకోలేదు, ఇంధనం మాత్రం తాగేస్తుంది. వెనక్కి మద్రాసు వెళ్దామనుకున్నారు. అంత దూరానికి ఇంధనం చాలలేదు. చివరికి తిరుపతి దగ్గర పొలాల్లో దించేశారు. లోపల 262 మంది. ఒక్కరి ప్రాణం కూడా పోలేదు. విమానం మాత్రం మళ్లీ ఎగరలేదు.

అందులో చిరంజీవి ఉన్నారు. బాలకృష్ణ ఉన్నారు. విజయశాంతి, మాలాశ్రీ, అల్లు రామలింగయ్య, బాపు, కోడి రామకృష్ణ, ఎస్వీ కృష్ణారెడ్డి ఉన్నారు. ఇంకా చాలామంది సినిమా వాళ్లు ఉన్నారు. ఇంతమంది ఒకే విమానం ఎక్కారంటే అదేదో ఫంక్షన్‌కి వెళ్తున్నారని కాదు. తెలుగు సినిమా అప్పటికి మద్రాసు నుంచి పూర్తిగా ఇల్లు ఖాళీ చెయ్యలేదు, హైదరాబాద్‌లో పూర్తిగా కాపురం పెట్టలేదు. చాలామందికి ఇల్లు అక్కడ, షూటింగ్ ఇక్కడ. ఆ విమానం వాళ్లకి సిటీ బస్సు లాంటిది. సామాన్లు సగం పాతింట్లో, సగం కొత్తింట్లో ఉన్న రోజుల్లో జరిగిన ప్రమాదం అది.

ఈ సంగతి ఎప్పుడు మాటల్లోకి వచ్చినా అందరూ ఒకే లెక్క వేస్తారు. ఆ రోజు జరగరానిది జరిగి ఉంటే పవన్ కల్యాణ్ 1996లో హీరో అయ్యేవాడా? అప్పటికి ఎనిమిదేళ్ల పిల్లాడైన రామ్ చరణ్ ఏమయ్యేవాడు? తాతను పోగొట్టుకున్న పదకొండేళ్ల అల్లు అర్జున్ సంగతేంటి? 2008 ఆగస్టులో ప్రజారాజ్యం పుట్టేదే కాదు కదా, మరి 2009 ఎన్నికలు ఎలా ఉండేవి? ఆ పార్టీని ప్రకటించింది తిరుపతిలోనే, 2009లో పాలకొల్లులో ఓడిన చిరంజీవి గెలిచింది కూడా తిరుపతిలోనే. దీన్ని వెంకన్న మహిమ అనేవాళ్లతో నేను వాదించను. కానీ ఈ లెక్కంతా వంశవృక్షం లెక్క. సినిమా లెక్క వేరే ఉంది.

సినిమా లెక్కలో ముందుగా ఒప్పుకోవాల్సిన సంగతి, వినడానికి కటువుగా ఉన్నా, హీరో కుర్చీ ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. 1993 నాటికి చిరంజీవికి ఘరానా మొగుడు లాంటి హిట్టు వచ్చేసింది, రావాల్సిన పేరంతా వచ్చేసింది. ఆ తర్వాతి మూడేళ్లు అభిమానులు కూడా పెద్దగా తలుచుకోరు. 1996లో ఆయన తెలుగు సినిమా ఒక్కటీ రాలేదు. 1997 సంక్రాంతికి హిట్లర్ వచ్చాక గానీ కుదుటపడలేదు. ఆయన లేకపోయి ఉంటే ఆ మూడేళ్ల పరాజయాలు ఉండేవి కావు, ఇంద్ర కూడా ఉండేది కాదు. గోడల మీద మాత్రం ఎప్పటికీ ముప్పై ఎనిమిదేళ్ల చిరంజీవే ఉండేవాడు. ఆ స్థానంలోకి నాగార్జునో వెంకటేశో వచ్చేవారు. ఇద్దరూ అప్పటికే తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

బాలకృష్ణ విషయంలోనూ అంతే. సమరసింహారెడ్డి లేకపోతే ఫ్యాక్షన్ సినిమా లేదు, ఫ్యాక్షన్ సినిమా లేకపోతే 2002లో ఆది లేదు, ఆది లేకపోతే జూనియర్ ఎన్టీఆర్ ఆ వయసులో మాస్ హీరో కాడు అని ఒకదానికొకటి ముడేసుకుంటూ పోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే ముడేశాను. తర్వాత ఒకటి గుర్తొచ్చింది. సమరసింహారెడ్డి వచ్చింది 1999లో. దానికి రెండేళ్ల ముందే ప్రేమించుకుందాం రా సినిమాలో వెంకటేశ్ సీమ కక్షల మధ్యలోకి వెళ్లొచ్చాడు. అంటే కత్తి అప్పటికే ఒరలోంచి బయటికొచ్చింది. బాలయ్య చేతిలో పడి పదునెక్కింది. ఆయన లేకపోతే ఇంకొకరి చేతిలో పడేది. సుమోలు కాస్త తక్కువ ఎగిరేవేమో.

అయితే కుర్చీ నిండుతుందంటే అదే కుర్చీ మిగులుతుందని కాదు. దీనికి మలయాళంలో ఒక నిజమైన ఉదాహరణ ఉంది, ఊహించుకోనక్కర్లేదు. 1980 నవంబరు 16న మద్రాసు దగ్గర షోలవరంలో మలయాళ హీరో జయన్ సినిమా కోలిళక్కం షూటింగ్. కదిలే మోటార్ సైకిల్ మీంచి హెలికాప్టర్‌కి వేలాడే ఫైటు. షాట్ వచ్చేసింది. ఇంకో టేక్ కావాలని జయనే పట్టుబట్టారంటారు. ఆ టేక్‌లో హెలికాప్టర్ కూలి ఆయన చనిపోయారు. అప్పటికి మలయాళంలో అంతటి యాక్షన్ హీరో లేడు. ముప్పై తొమ్మిది రోజుల తర్వాత, డిసెంబరు 25న, మంజిల్ విరింజ పూక్కళ్ విడుదలైంది. అందులో విలన్‌గా ఒక ఇరవై ఏళ్ల కుర్రాడు. పేరు మోహన్‌లాల్. దాదాపు అదే సమయంలో మమ్ముట్టి కూడా పైకొస్తున్నాడు. జయన్ బతికి ఉంటే వాళ్లిద్దరూ రాకుండా పోయేవాళ్లని ఎవరూ అనలేరు. కానీ జయన్ సినిమాల కొలతలు వేరు, కండలూ ఫైట్లూ ప్రధానం. తర్వాతి పదేళ్లలో మలయాళ సినిమా పక్కింటి మనిషిని హీరోని చేసింది. జయన్ యాభై ఏళ్ల వయసు వరకు కొడుతూనే ఉంటే ఆ పక్కింటి మనిషికి థియేటర్లు దొరకడానికి ఇంకొన్నేళ్లు పట్టేదని నా అనుమానం.

ఈ కుర్చీ సిద్ధాంతం ఒక చోట మాత్రం పూర్తిగా బోర్లా పడుతుంది. ఆ చోటు పేరు విజయశాంతి. కర్తవ్యంతో 1990లో జాతీయ అవార్డు తెచ్చుకుని, 1997లో ఒసేయ్ రాములమ్మతో ఊళ్లకు ఊళ్లను థియేటర్లకు కదిలించిన మనిషి. ఆమె చనిపోలేదు, రాజకీయాల్లోకి వెళ్లారు, 2009లో మెదక్ ఎంపీ అయ్యారు. ఆమె వెళ్లాక ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? ఎవరూ లేరు. కుర్చీనే మడిచి లోపల పెట్టేశారు. హీరో పోతే పది మంది నిర్మాతలు ఇంకో హీరో కోసం వెతుకుతారు, ఫైట్లు చేసే హీరోయిన్ పోతే హమ్మయ్య అనుకుంటారు. 1993లోనే ఆమె లేకుండా పోయి ఉంటే రాములమ్మ లేదు. తెలంగాణ పల్లెలోని దొరతనాన్ని అంత పెద్ద కమర్షియల్ సినిమాగా, అదీ ఒక ఆడమనిషి వైపు నిలబడి తీసే ధైర్యం ఇంకెవరిని చూసుకుని వచ్చేదో నాకు తోచడం లేదు. (అదే విమానంలో ఉన్న మాలాశ్రీ తర్వాత కన్నడలో ఫైట్లు చేసే హీరోయిన్ అయ్యారు. అక్కడ ఆ కుర్చీ నిలబడింది.)

నన్ను అడిగితే ఆ విమానంలో అసలు విలువైన సీట్లు ఇంకో మూడు. ఎస్వీ కృష్ణారెడ్డి అప్పటికి రాజేంద్రుడు గజేంద్రుడు, మాయలోడు తీసి మంచి ఊపు మీదున్నారు. మరుసటి ఏడాదే యమలీల. కమెడియన్ అలీని హీరోగా పెట్టి సినిమా తీస్తానంటే ఏ ఫైనాన్షియర్ ముఖం ఎలా పెట్టేవాడో ఊహించుకోండి. అదే ఏడాది శుభలగ్నం. భర్తను కోటి రూపాయలకు అమ్మేసే భార్య కథ. మా ఊళ్లో మ్యాట్నీకి ఆడవాళ్లు గుంపులుగా వెళ్లి, బయటికొచ్చి, ఆమని చేసింది తప్పా ఒప్పా అని ఇంటి దాకా పోట్లాడుకుంటూ వచ్చారు. ఆ సినిమా హిందీకి వెళ్లి జుదాయి అయింది. జగపతిబాబుకు ఇంటింటి హీరో అన్న పేరు గట్టిపడింది కూడా అక్కడి నుంచే. వీటిలో ఏదీ ‘ఇంకొకరు తీసేవారులే’ అనిపించేది కాదు. ఫ్యాక్షన్ గాలిలో ఉంది, ఎవరో ఒకరు పట్టుకునేవారు. అలీ హీరో అన్న ఆలోచన గాలిలో లేదు, ఒక్క మనిషి బుర్రలో ఉంది.

కోడి రామకృష్ణ సంగతి ఇంకా పెద్దది. 1995లో అమ్మోరు వచ్చింది. గ్రాఫిక్స్ అనే మాట తెలుగు ప్రేక్షకుడి నోట్లో పడింది ఆ సినిమాతోనే అనుకోవచ్చు. ఆ తర్వాత దేవి, అంజి, 2009లో అరుంధతి. అంజిలో హీరో చిరంజీవి. పొలంలోంచి నడిచొచ్చిన ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి తీసిన సినిమా, డబ్బులు రాలేదు గానీ స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు వచ్చింది. అరుంధతి అయితే విజయశాంతి తర్వాత మడిచి పెట్టేసిన ఆ కుర్చీని మళ్లీ తెచ్చి హాలు మధ్యలో వేసింది. దేవి తప్ప మిగతా మూడింటి నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డి పట్టుదల ఎలాగూ ఉండేది కాబట్టి ఆ సినిమాలు ఏదో రూపంలో వచ్చేవని వాదించొచ్చు. రావచ్చు. కానీ ఊరి దేవత కథనీ కంప్యూటర్ బొమ్మనీ కలిపి, ప్రేక్షకుడు హారతి పట్టేలా చెయ్యడం పట్టుదలతో మాత్రమే అయ్యే పని కాదు.

మూడో సీటు బాపుది. ఆయన చివరి సినిమా శ్రీరామరాజ్యం, రాముడు బాలకృష్ణ. విడుదలైంది 2011 నవంబరు 17న, విమానం పొలంలో దిగిన పద్దెనిమిదేళ్ల రెండు రోజులకు.

బతికి బయటపడ్డాక కూడా చరిత్ర మారుతుంది, అది మనం తక్కువ మాట్లాడుకునే సంగతి. 1967 జనవరి 12న తోటి నటుడు ఎమ్మార్ రాధా పేల్చిన తూటా ఎంజీఆర్ మెడలో దిగింది. ఇది ప్రమాదం కాదు, కాల్పులు. కానీ ఫలితం చూడండి. ఆయన ఆసుపత్రి మంచం మీదే ఉండి ఫిబ్రవరి ఎన్నికల్లో గెలిచారు, మెడకు కట్టుతో ఉన్న ఫోటోనే పోస్టరైంది. గొంతు మాత్రం శాశ్వతంగా మారిపోయింది. ఆ ఏడాది వచ్చిన కావల్‌కారన్‌లో వేరేవాళ్లతో చెప్పించకుండా ఆ మారిన గొంతునే వినిపించారు. జనం ఒప్పుకున్నారు. పదేళ్లకు ముఖ్యమంత్రి అయ్యారు. సినిమా హీరో సొంత పార్టీతో కుర్చీ ఎక్కొచ్చని ఆయన చూపించిన ఐదేళ్లకు, 1982 మార్చి 29న, హైదరాబాద్‌లో ఎన్టీఆర్ పార్టీ ప్రకటించారు. తూటా ఒక అంగుళం పక్కకు పోయుంటే ఎన్టీఆర్ రాజకీయాల్లోకి వచ్చేవారు కాదని నేననను. ఆయన స్వభావం తెలిసిన ఎవరూ అనరు. కాకపోతే ‘సినిమా వాళ్లకేం తెలుసు రాజకీయం’ అన్నవాళ్లకు చూపించడానికి పక్క రాష్ట్రంలో మనిషి ఉండేవాడు కాదు.

అదే 1982లో, జూలై 26న, బెంగళూరులో కూలీ ఫైటు తీస్తుండగా అమితాబ్ బచ్చన్ పొట్టకి బల్ల అంచు తగిలింది. ఆగస్టు 2న చచ్చి బతికారు, ఇప్పటికీ ఆ రోజును రెండో పుట్టినరోజంటారు. సినిమాలో ఆ షాట్ దగ్గర బొమ్మ ఆగిపోతుంది, దెబ్బ తగిలింది ఇక్కడే అని తెర మీద అక్షరాలు పడతాయి. మా ఇంట్లో టీవీలో వచ్చినప్పుడల్లా అమ్మ చేతిలో పని ఆపి ఆ ఒక్క ఫ్రేమ్ చూసి వెళ్లిపోయేది, మిగతా సినిమా అక్కర్లేదు. కథ ప్రకారం హీరో చివర్లో చనిపోవాలి. బయట దేశమంతా పూజలు చేసి బతికించుకున్న మనిషిని తెర మీద చంపితే ఊరుకుంటారా? దర్శకుడు మన్మోహన్ దేశాయ్ ముగింపు మార్చేశారు. ఇక ఆ ఫైటులో ఎదురుగా ఉన్న నటుడు పునీత్ ఇస్సార్. బచ్చన్ బతికినా ఆయనకు చాలాకాలం పనివ్వడానికి జంకారు. బచ్చన్ పోయుంటే? దూరదర్శన్ మహాభారతంలో మనం చూసిన దుర్యోధనుడి ముఖం వేరే ఉండేది.

ఇవన్నీ బతికినవాళ్ల కథలు. రెండోవైపు పడిన బొమ్మ కూడా మన దగ్గర ఉంది. అమ్మోరులో అమ్మవారి భక్తురాలిగా చేసిన సౌందర్య, 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ రావడానికి బెంగళూరు జక్కూరులో చిన్న విమానం ఎక్కారు. లేచిన కాసేపటికే కూలిపోయింది. అప్పటికి కొన్ని వారాల ముందే ఆమె ద్రౌపదిగా నర్తనశాల మొదలైంది. దర్శకుడు బాలకృష్ణ. తండ్రి 1963లో బృహన్నలగా చేసిన సినిమాను కొడుకు మళ్లీ తీయబోయాడు. సౌందర్య పోయాక ఆపేశారు. ఇంకో ద్రౌపదిని వెతకలేదు.

2020 దసరాకి ఆ తీసినంత వరకు బయటపెట్టారు. పదిహేడు నిమిషాలు. డబ్బులు కట్టి ఫోన్‌లో పెట్టాను. అమ్మ కళ్లజోడు తుడుచుకుని పక్కన కూర్చుంది. సౌందర్య కనపడగానే ‘ఎంత కళగా ఉందో చూడు’ అంది. తర్వాత ఇద్దరం మాట్లాడలేదు. బొమ్మ ఆగిపోయాక, నెట్ పోయిందనుకుని, ఫోన్‌ని వేలితో రెండుసార్లు తట్టింది.