'ఎక్స్‌ట్రా టైమ్' కండోమ్ గారికి మెడికల్ షాపువాడి విన్నపం

గౌరవనీయులైన 'ఎక్స్‌ట్రా టైమ్' కండోమ్ గారికి,

జ్వరం బిళ్లలకీ పసిపిల్లల డైపర్లకీ మధ్య మిమ్మల్ని కూర్చోబెట్టి అమ్ముకుంటున్నవాడు నమస్కరించి రాయునది.

మీ అమ్మకాలకు లోటేం లేదు. మిమ్మల్ని పేరు పెట్టి అడిగే మొనగాడే ఇంకా తగల్లేదు. ముందు దగ్గుమందు తీసుకుంటాడు. షాపులో ఆడవాళ్లుంటే వాళ్లు వెళ్లేదాకా టూత్‌బ్రష్షులు తిప్పితిప్పి చూస్తాడు. ఆఖరికి గొంతు తగ్గించి, "అన్నా, అది" అంటాడు. "మామూలుదా, టైమ్‌దా?" అని అడిగానా, ఇక నా మొహం చూడడు.

అయ్యా, పెట్టె మీద మీ గొప్పలు ఇంతింత అక్షరాల్లో ఉంటాయి. అసలు విద్య మాత్రం భూతద్దం పెడితే తప్ప కనబడదు. లోపల పూసింది బెంజోకెయిన్, సాధారణంగా నూటికి నాలుగైదు పాళ్లు. నోటిపూతకని నేనిచ్చే జెల్‌లోనూ అదే మందు. చర్మం మొద్దుబారుతుంది కాబట్టి ఆలస్యమవుతుంది, అంతే. సుఖం సరిగ్గా తెలియకుండా చేసి, సుఖాన్ని పొడిగించానని చెప్పుకుంటున్నారు! కారం ఓర్వలేనివాడి నాలుకకి మత్తుమందు రాసి, ఆవకాయ జాడీ ముందు పెట్టినట్టుంది.

పోనీ ఆ మొద్దు ఒక్కడితో ఆగుతుందా? కంగారులో తిరగేసి తొడిగితే మందు ఆవిడకి అంటుకుంటుంది. అయ్యగారు మామూలు టైముకే దిగిపోతారు, అమ్మగారికి బండి ఎక్కిన సంగతే తెలియదు. తిరగబడితే అది పారేసి కొత్తది తియ్యాలని ఎవరికి చెప్పను? మాట పూర్తయ్యేలోపే చిల్లర కూడా తీసుకోకుండా పోతాడు.

ఇంతకీ ఎంతసేపైతే చాలునంటారు? 2005లో అచ్చయిన ఓ పరిశోధనలో అయిదు దేశాల్లో 500 జంటలకి స్టాప్‌వాచీలిచ్చి కొలిపించారు. మధ్యస్థంగా తేలింది 5.4 నిమిషాలు. మా వీధిలో ఇడ్లీ పార్సిల్ కట్టడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. డాక్టర్ల లెక్కలో శీఘ్రస్ఖలనమంటే, మొదట్నుంచీ ఉన్నదైతే దాదాపు నిమిషంలోపు, మధ్యలో వచ్చిందైతే మూడు నిమిషాలు, ఆ లోపు. అదీ తన అదుపులో లేక, మనసుకి బాధగా ఉంటేనే. అలాంటివాళ్లకి మీరు పనికొస్తారు, కాదనను. బస్టాండు గోడల మీద 'గుప్తరోగాలకు గ్యారంటీ' అని రాయించుకునే లాడ్జి వైద్యుల కంటే మీరు వెయ్యి రెట్లు నయం. కానీ నా దగ్గరికొచ్చే పెళ్లికొడుకులందరికీ ఆ జబ్బేనా? ఫోన్లో చూసిన వీడియోతో పందెం కాసి ఓడిపోయినవాళ్లు వాళ్లలో ఎంతమందో!

1956లోనే సీమన్స్ అనే అమెరికా డాక్టరు పైసా ఖర్చు లేని ఉపాయం రాశాడు. రాబోతోందనగానే ఆపడం, తగ్గాక మళ్లీ మొదలుపెట్టడం. చిక్కేమిటంటే దానికి పక్కనున్న మనిషితో "ఒక్క క్షణం ఆగు" అనాలి. అంత మాట అనలేకే కదా ఇన్ని రూపాయలు పోసి మిమ్మల్ని కొంటున్నారు!

ఆలస్యమంటే గుర్తొచ్చింది. 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకూ మీ జాతి ప్రకటనలు వెయ్యొద్దని టీవీలకి చెప్పింది. మీ కులవృత్తిని అంత బాగా అర్థం చేసుకున్న శాఖ మరొకటి లేదు.

నాదొక్కటే కోరిక. మీ పెట్టె మీద గుర్రం బొమ్మ తీసేసి ఆ 5.4ని పెద్దగా అచ్చేయించండి. సగం మంది చదువుకుని, పెట్టె అక్కడే పెట్టేసి, ఉత్త దగ్గుమందుతో ఇంటికెళ్తారు. అందుకే మీరా పని చెయ్యరని నాకు తెలుసు. డిస్ట్రిబ్యూటర్‌కి ఈసారి ఓ డజను ఎక్కువే చెప్పాను. ముహూర్తాలున్నాయి మరి.

ఇట్లు,
బిల్లు ఇస్తానంటే వద్దనిపించుకునే
మీ మెడికల్ షాపువాడు