వియ్యపురాలు చూడని ఆవకాయ

ఈ వేసవిలో మా పిన్నికి బీపీ పెరగడానికి ఆవకాయే కారణమని డాక్టరుగారి అనుమానం. నిజమే. కాకపోతే ఆవిడ తిన్న ఆవకాయ కాదు, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఆవకాయ.

రాజమండ్రిలో పిన్ని ఆవకాయంటే మాటలా! మూడో రోజు తిరగకలిపాక నూనె ఎర్రగా పైకి తేలింది. జాడీ, పక్కనే వాసెనగుడ్డ పడేలా ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టింది. అది ఉండేది 24 గంటలే. ఆలోగా విజయవాడ వియ్యపురాలు చూడాలి. కన్ను గుర్తు నొక్కితే చూసినవాళ్ళ పేర్లు వస్తాయి. పాలబ్బాయి చూశాడు. గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు చూశాడు. అద్దె ఎగ్గొట్టి వెళ్ళిపోయినవాళ్ళు కూడా తీరిగ్గా చూశారు. వియ్యపురాలు మాత్రం లేదు.

అర్ధరాత్రి మంచినీళ్ళ వంకతో లేచి మళ్ళీ నొక్కింది.

"కావాలనే చూడట్లేదండీ," అని బాబాయిని తట్టి లేపింది.

"పడుకుందేమోనే."

"అంత నిద్రెలా పడుతుందండీ మనిషికి!"

ఆ తర్వాత బాబాయికీ పట్టలేదు.

తెల్లారగానే వియ్యపురాలి ఫోను. "వదినగారూ, ఆ వాసెనగుడ్డ... గృహప్రవేశానికి మేం పెట్టిన వెంకటగిరి చీరదేనా?"

చూడని మనిషికి చీర ఎలా తెలిసింది? గుట్టు మా చెల్లి విప్పింది. వియ్యపురాలు రీడ్ రిసీట్స్, అంటే మనం చూసిన సంగతి అవతలివాళ్ళకి చెప్పేసే ఏర్పాటు, ఆపేసుకుంది. 2014 నవంబరులో మెసేజ్ చదివారని చెప్పే బ్లూ టిక్కులు రాగానే జనం గోల పెడితే, వాటిని ఆపుకునే వీలు కూడా ఇచ్చారు. ఇప్పుడు స్టేటస్‌కీ అదే పద్ధతి. దొంగచూపులకి లైసెన్సన్నమాట.

"అయితే నాదీ ఆపేయ్," అంది పిన్ని. చెల్లి ఆపేసింది.

సాయంత్రం పులిహోర పెట్టి కన్ను నొక్కితే ఒక్క పేరూ లేదు. పిన్నికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"నువ్వు ఆపుకుంటే ఎవరు చూశారో నీకూ కనపడదమ్మా."

"ఆవిడకి నేను కనపడకూడదు, నాకు ఆవిడ కనపడాలి. ఆ బటన్ నొక్కు."

అలాంటి బటన్ ఇంకా రాలేదు. వస్తే మన కుటుంబాల్లో ఫోన్లన్నీ దాని మీదే నడుస్తాయి.

మర్నాడు తల తిరుగుతోందంటే బాబాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన బీపీ చూసి, "ఆవకాయ కొన్నాళ్ళు మానేయండమ్మా," అన్నారు.

ఆటోలో ఇంటికొస్తున్నంతసేపూ పిన్ని మొహం వెలిగిపోతూనే ఉంది.

"డాక్టరుగారు చూశారండీ. లేకపోతే ఆవకాయ సంగతి ఆయనకెలా తెలుస్తుంది?"