రేటింగ్ చూసి ఇల్లు కొంటాం, సూపరింటెండెంట్ ఎవరో కనుక్కోం

డల్లాస్ చుట్టుపక్కల ఇల్లు వెతికే మనవాళ్లు ముందు అడిగేది స్కూల్ రేటింగ్. ఎలిమెంటరీకి ఎంత, మిడిల్‌కి ఎంత, హైస్కూల్‌కి ఎంత, అన్నీ గడగడా చెప్పేస్తారు. ఒక్క పాయింట్ ఎక్కువ ఉందని స్థోమతకు మించి అప్పు చేసినవాళ్లు కూడా నాకు తెలుసు. వాళ్లనే మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లన్నిటినీ నడిపే సంస్థ) సూపరింటెండెంట్ ఎవరండీ అని అడిగితే కాసేపు ఆలోచించి ప్రిన్సిపాల్ పేరు చెప్తారు. ప్రాపర్టీ టాక్స్‌లో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌కే కడుతున్నాం కదా, ఆ డబ్బు ఎవరి చేతిలో నడుస్తోందో తెలుసుకోవాలని ఎందుకు అనిపించదు? చాలా రోజులుగా ఈ విషయం నన్ను బాధపెడుతోంది. పోస్టు పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మన ఊళ్లలో జిల్లా విద్యాశాఖాధికారి లాంటి పోస్టే కదా అంటారు కొందరు. కాదండీ. డీఈఓని ప్రభుత్వం వేస్తుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది. ఇక్కడ టెక్సాస్‌లో మనం ఉండే డిస్ట్రిక్టుల్లో మామూలుగా ఏడుగురు ట్రస్టీలతో స్కూల్ బోర్డు ఉంటుంది, వాళ్లని ఓటర్లు ఎన్నుకుంటారు, వాళ్లకి జీతం ఉండదు, ఆ ఏడుగురూ కలిసి కాంట్రాక్టు మీద తెచ్చుకునే మనిషే సూపరింటెండెంట్. ఆ కాంట్రాక్టు ఐదేళ్లకి మించకూడదని చట్టం. విధానాలు నిర్ణయించడం బోర్డు పని, రోజువారీ నడపడం సూపరింటెండెంట్ పని. బడ్జెట్ తయారు చేయడం, ప్రిన్సిపాళ్ల ఎంపిక, ఏ స్కూల్ మూయాలి, ఏ వీధి పిల్లలు ఏ స్కూల్‌కి వెళ్లాలి అనే ప్రతిపాదన, మంచు కురిసిన రోజు బడి ఉందో లేదో తెల్లవారకముందే తేల్చడం, అన్నీ ఆ ఆఫీసు నుంచే వస్తాయి. టీచర్ మీద ఫిర్యాదుతో మనవాళ్లు తెలిసిన ట్రస్టీకి ఫోన్ చేస్తుంటారు. ట్రస్టీ ఒక్కరే ఏ టీచర్‌నీ ఆదేశించలేరు, బోర్డు కూడా సూపరింటెండెంట్ ద్వారానే నడిపించాలి.

మరి మంచి సూపరింటెండెంట్ అంటే ఎవరు? వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే స్కోర్లు పెంచేవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. కింద పనిచేసేవాళ్లు భయం లేకుండా వచ్చి చెడ్డ వార్త చెప్పగలిగే మనిషి నా దృష్టిలో మంచి సూపరింటెండెంట్. ఇదేదో మెత్తటి మాట అనిపిస్తే జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో ఏం జరిగిందో చదవండి.

బెవర్లీ హాల్ 1999 నుంచి 2011 దాకా అట్లాంటా స్కూళ్ల సూపరింటెండెంట్. ఆవిడ హయాంలో పేద నల్లజాతి పిల్లల స్కూళ్లలో స్కోర్లు ఏటేటా పెరిగాయి, 2009లో దేశం మొత్తానికి ఉత్తమ సూపరింటెండెంట్ అని అవార్డు కూడా ఇచ్చారు. ప్రతి స్కూల్‌కి ఒక టార్గెట్, అందుకుంటే బోనస్, అందుకోని ప్రిన్సిపాల్‌కి ఉద్యోగ భయం. 2011లో రాష్ట్ర ప్రభుత్వ దర్యాప్తు నివేదిక బయటికొచ్చింది. పరిశీలించిన 56 స్కూళ్లలో 44 చోట్ల మోసం జరిగిందని, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పాత్ర ఉందని తేల్చింది. పిల్లలు తప్పు రాసిన జవాబులు పెద్దవాళ్లే చెరిపి సరైనవి దిద్దారు. 2013లో 35 మంది మీద అభియోగాలు మోపారు. హాల్ తన తప్పేమీ లేదనే చెప్పారు, విచారణ ఎదుర్కోకముందే 2015 మార్చిలో క్యాన్సర్‌తో చనిపోయారు, తర్వాతి నెలలో 11 మందిని జ్యూరీ దోషులుగా తేల్చింది. శిక్షల గురించి అప్పట్లో చాలా చర్చ జరిగింది కానీ నా మనసులో నిలిచిపోయింది వేరే. చదవడం రాని పిల్లాడికి కాగితం మీద పాస్ అని పడితే వాడికి రావాల్సిన ప్రత్యేక సాయం ఇక రాదు. వాడికి సాయం కావాలన్న నిజం పైదాకా వెళ్లే దారినే మూసేశారు.

అది జార్జియా కథ అని తీసిపారేయకండి. టెక్సాస్‌లో ఇంతకన్నా నిశ్శబ్దంగా ఇంకోటి జరిగింది. 2004లో రాష్ట్ర విద్యా సంస్థ డిస్ట్రిక్టుల పనితీరు కొలిచే లెక్కల్లో ఒక అంకె పెట్టింది, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో (ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల చదువు) ఉన్న పిల్లలు 8.5 శాతం దాటకుండా ఉంటే మంచి మార్కు. పిల్లలకి ఏం కావాలో చూసి పెట్టిన అంకె కాదది. డిస్ట్రిక్టులు ఆ అంకెకి తగ్గట్టు సర్దుకున్నాయి, ఆటిజం ఉన్న పిల్లలకి, డిస్‌లెక్సియా (చదవడంలో, రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలకి మూల్యాంకనం, అంటే ఏ సాయం కావాలో తేల్చే పరీక్ష, వాయిదా వేశాయి, ఇంకాస్త చూద్దాం అన్నాయి. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టేదాకా పన్నెండేళ్లు అలాగే నడిచింది. 2017లో శాసనసభ అలాంటి పరిమితులని నిషేధించింది, 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ ఇది చట్ట ఉల్లంఘన అని తేల్చింది. ఆ పన్నెండేళ్లలో ఎంతమంది సూపరింటెండెంట్లు ఆ కుర్చీల్లో కూర్చుని ఉంటారు! టెక్సాస్‌లో వెయ్యికి పైగా డిస్ట్రిక్టులున్నాయి. ఈ అంకె తప్పు, మా పిల్లలు నష్టపోతున్నారు అని గట్టిగా అరిచినవాళ్లు ఉండి ఉంటే సంగతి ఒక పత్రిక తవ్వేదాకా ఆగేది కాదు.

మన ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలున్నారు. బయటికి చెప్పం, పెళ్లి సంబంధాల దాకా ఆలోచించి దాచేస్తాం. నాకు తెలిసిన ఒక అమ్మ కొడుకు కోసం స్పెషల్ ఎడ్ మూల్యాంకనం అడిగితే, మార్కులు బాగానే ఉన్నాయి కదా, ఎదిగేకొద్దీ సర్దుకుంటుందిలే అని స్కూల్‌లో నెలల తరబడి తిప్పారు. రాతపూర్వకంగా అడిగితే 15 స్కూల్ రోజుల్లో జవాబివ్వాలని, మనం ఒప్పుకుని సంతకం పెట్టాక 45 స్కూల్ రోజుల్లో రిపోర్టు రావాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రేటింగ్‌లో పదికి పది వచ్చిన స్కూలే అది. ఆ పదిలో ఈ పిల్లాడు ఎక్కడా కనిపించడు.

బోర్డు ఊసే లేకుండా గట్టి సూపరింటెండెంట్‌ని పెట్టేస్తే బాగుపడుతుంది కదా అనే వాదన కూడా వింటున్నాను. హ్యూస్టన్‌లో అదే చేశారు. టెక్సాస్ చట్టం ప్రకారం ఒక్క స్కూల్ వరుసగా ఐదేళ్లు ఫెయిలైతే రాష్ట్రం ఆ స్కూల్‌ని మూయాలి, లేదంటే డిస్ట్రిక్ట్ మొత్తాన్నీ చేతిలోకి తీసుకోవాలి. 2023 జూన్‌లో హ్యూస్టన్‌లో ఎన్నికైన బోర్డుని పక్కనపెట్టి తొమ్మిది మంది మేనేజర్లని, సూపరింటెండెంట్‌గా మైక్ మైల్స్‌ని రాష్ట్రమే నియమించింది. రేటింగులు పెరిగాయి, అది కాదనను. కానీ చాలా స్కూళ్లలో లైబ్రేరియన్లు పోయారు, లైబ్రరీ గదులు వేరే పనులకి మారాయి, టీచర్లు పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు. 2024 నవంబర్‌లో 440 కోట్ల డాలర్ల బాండ్ (ఓటర్లు ఒప్పుకుంటేనే డిస్ట్రిక్ట్ తీసుకోగలిగే అప్పు) పెడితే జనం తిప్పికొట్టారు. కారిపోతున్న కప్పులు, పాతబడిన ఏసీలు బాగుచేయించడానికి అడిగిన డబ్బది, అవసరం ఎవరూ కాదనలేదు, నమ్మకం లేకే ఇవ్వలేదు. 2025 అక్టోబర్‌లో మన పక్కనున్న ఫోర్ట్‌వర్త్ విషయంలోనూ రాష్ట్రం ఇదే నిర్ణయం ప్రకటించింది. తల్లిదండ్రులు తీసేయలేని మనిషికి తల్లిదండ్రుల మాట వినాల్సిన అవసరం ఏముంటుంది?

ఇక డబ్బు సంగతి. టెక్సాస్‌లో రాష్ట్రం ఇచ్చే నిధులు స్కూల్లో పేరున్న పిల్లలని లెక్కపెట్టి ఇవ్వరు, సగటున రోజూ ఎంతమంది బడికి వచ్చారో చూసి ఇస్తారు. ఒక్కో విద్యార్థికి మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, మధ్యలో ధరలు ఎంత పెరిగాయో మన కిరాణా బిల్లులే చెప్తాయి, 2025లో టీచర్ల జీతాలకి విడిగా కొంత ఇచ్చి దీన్ని మాత్రం 55 డాలర్లు పెంచారు. డిసెంబర్‌లో టికెట్లు కొనుక్కుని సంక్రాంతి చూసుకుని వచ్చే కుటుంబాలు మనలో ఎన్నో. వెళ్లొద్దు అనడం లేదు, అమ్మమ్మని చూడటం పిల్లలకి బడి కన్నా తక్కువేం కాదు. కానీ సెలవులు పోను ఆ వారాల్లోని బడి రోజులన్నీ డిస్ట్రిక్ట్ ఖాతాలో గైర్హాజరుగానే పడతాయి, సూపరింటెండెంట్ బడ్జెట్ వేసుకునేటప్పుడు ఆ లోటు కూడా చూసుకోవాలి. దానికి తోడు ఇళ్ల ధరలు పెరిగి చిన్న పిల్లలున్న కుటుంబాలు దూరం జరుగుతున్నాయి. ప్లేనోలో 2024లో నాలుగు స్కూళ్లు మూయాలని బోర్డు ఓటేసింది. అలాంటి ప్రతిపాదన పట్టుకుని ఏడుస్తున్న తల్లుల ముందు నిలబడి లెక్కలు వివరించడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే, దాన్ని నిజాయితీగా చేసేవాళ్లంటే నాకు గౌరవం.

మనం బోర్డు మీటింగుకి ఎప్పుడు వెళ్తాం? రీజోనింగ్ అప్పుడు. మన వీధిని ఇంకో హైస్కూల్‌కి మారుస్తారంటే రాత్రికి రాత్రి గ్రూపు పుడుతుంది, పిటిషన్ వస్తుంది, హాలు నిండిపోతుంది. అదే హాల్లో బడ్జెట్ హియరింగ్ జరిగేటప్పుడు కుర్చీలన్నీ ఖాళీ. మనం ఇంటి విలువ కోసం మాత్రమే వచ్చే జనం అని వాళ్లు అనుకుంటే వాళ్లని ఎలా తప్పుపడతాం?

మనకి ఓటు లేదు కదా అంటారు హెచ్1బీలో ఉన్నవాళ్లు. నిజమే, టాక్స్ కడుతూ ఓటు లేకపోవడం అన్యాయమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో పౌరసత్వం లేని తల్లిదండ్రులకి కూడా స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు హక్కు ఇస్తూ 2016లో ఓటర్లు ఆమోదించారు, ఇక్కడ అలాంటిది దగ్గర్లో కనిపించడం లేదు. కానీ పబ్లిక్ కామెంట్‌లో, అంటే బోర్డు మీటింగులో జనానికి ఇచ్చే సమయంలో, మాట్లాడటానికి పాస్‌పోర్టు రంగు ఎవరూ అడగరు. పౌరసత్వం వచ్చినవాళ్లు, ఇక్కడే పుట్టి 18 నిండిన మన పిల్లలు ట్రస్టీ ఎన్నికలకి వెళ్తే చాలు, ఓటేసేవాళ్లే తక్కువ కాబట్టి కొన్ని వందల ఓట్లతో ఫలితం మారిపోతుంది.

మా డిస్ట్రిక్ట్ బడ్జెట్ హియరింగుకి ఈసారి నేను వెళ్తున్నాను. సూపరింటెండెంట్‌ని ఒక్కటే అడుగుతాను: గత ఏడాది స్పెషల్ ఎడ్ మూల్యాంకనం అడిగిన పిల్లలు ఎంతమంది, ఒక్కొక్కరు ఎన్ని రోజులు ఎదురుచూశారు, స్కూల్ వారీగా చెప్పండి అని. మాట్లాడటానికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, ఎలాగో తెలియకపోతే నేను చేయిస్తాను. రావాలనుకున్నవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, కారులో ఇంకో ముగ్గురికి చోటుంది.