రోగి ఒకరు, సాక్షులు పదకొండు మంది

సాక్ష్యాధారాలను బట్టే వైద్యం చేయాలన్న వాదాన్ని 1990ల మొదట్లో కెనడా డాక్టర్లు గట్టిగా ముందుకు తెచ్చారట. చదివి నవ్వుకున్నాను. మా కందుకూరు వైపు అంతకు చాలా ముందు నుంచే, సాక్షులు లేకుండా ఏ రోగీ అత్యవసర విభాగం గడప తొక్కలేదు.

ఏ సాక్ష్యానికి ఎంత బరువో చెప్పే వాళ్ల నిచ్చెనలో పై మెట్టు మీద వేలమందిపై జరిపిన పరీక్షల సమీక్షలు, అట్టడుగున ఎవరో ఒక్కరి అనుభవం ఉంటాయి. మావాళ్లు ఆ నిచ్చెనను తలకిందులుగా ఆనించారు. ఇక్కడ పై మెట్టు మీద 'మా తోడల్లుడికీ ఇలాగే వస్తే' అన్న మాట కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. తోడల్లుడు గూడూరులో ఉంటే సాక్ష్యానికి ఇంకాస్త బలం. ఎదురుప్రశ్న వేయడానికి దొరకడు.

సెలైన్ సంగతే చూడండి. నాలుగు విరేచనాలై, తాగే ఓపిక ఉన్న మనిషికి లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చాలు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల మధ్య కలరా చెలరేగి సెలైన్ నిండుకున్నప్పుడు, బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రముల్లో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు ఉంచి తాగించారు. వేలమందికి ఆ నీళ్లతోనే వైద్యం జరిగింది. మహానుభావుడే, కాదనను. కానీ ఆ నీళ్లను స్టాండుకు వేలాడదీయలేదు, అదొక్కటే లోటు. అర లీటరు సెలైన్ సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, తక్కినదంతా నీళ్లు. అయితేనేం, చుక్కచుక్కగా దిగుతుంటే చూసేవారికి ఆయుష్షే ఎక్కుతున్నట్టు ఉంటుంది. అందులో బీకాంప్లెక్స్ కలిపి పసుపు రంగు తెప్పించారో, పరామర్శకు వచ్చినవారు 'పెద్ద మందే పెట్టారు' అనుకుని, బత్తాయిలు మంచం పక్కన పెట్టి తృప్తిగా వెళ్తారు.

గుండెనొప్పి మాత్రం మా ప్రాంతంలో లేదు. ఉన్నదంతా గ్యాసే. ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలని నియమమట. చేరిన తర్వాత మాట కదా అది! ముందు గోళీసోడా, ఆపైన వాము, ఆపైన వీపు మీద నాలుగు చరుపులు. ఇవేవీ పనిచేయకపోతే అప్పుడు 108 గుర్తుకొస్తుంది.

ఇక పాము. మొన్న రాత్రి మడికి నీళ్లు కట్టబోయిన మా బావమరిదిని కరిచింది. ఇప్పుడు కులాసాగా ఉన్నాడు కాబట్టే చెబుతున్నాను. కాలికి తాడు బిగించాం, పామును చంపి యూరియా సంచిలో వేశాం, పదకొండు మందిమి బయలుదేరాం. డాక్టరమ్మ ముందుగా తాడు చూసి తల పట్టుకుంది. తర్వాత సంచి చూసి, "దీన్నెందుకు తెచ్చారండీ?" అంది. ముద్దాయిని ప్రవేశపెట్టకుండా విచారణ ఎలా జరుగుతుందో మాకు అర్థం కాలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ విరుగుడు ఒకటేనట. సంచి బయట పెట్టించింది.

ఆమెకు కావలసిన సాక్ష్యం వేరే ఉంది. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన పొడి గాజుగొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టింది. 20 నిమిషాలయ్యాక ఒక్కసారి వంచి చూస్తుందట. గడ్డకట్టకుండా జారితే విషం రక్తానికెక్కినట్టు. "అంతవరకూ ఎవరూ కదపకండి" అని మరో మంచం దగ్గరికి వెళ్లింది.

ఆరో నిమిషంలో మామయ్య గొట్టాన్ని ట్యూబ్‌లైటు వెలుగుకు ఎత్తి చూశాడు. ఎనిమిదో నిమిషంలో పెద్దత్త అందుకుని కాస్త ఆడించింది. పదో నిమిషంలో, నిజం చెప్పాలి కదా, నేనే వంచాను.

డాక్టరమ్మ వచ్చి, నురగ తేలిన గొట్టాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "దీన్ని కదిపిందెవరు?" అని అడిగింది. పదకొండు మంది సాక్షుల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. బావమరిది మాత్రం కళ్లు మూసుకునే రెండో చేయి చాపాడు.