ఆశ్లేషలో చెనిక్కాయ: చిన్నాయనకీ నాకూ పడిన వాదం

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్క ఎనిమిదెకరాల ఎర్రనేల మాది. ఈసారి జూన్, జూలై రెండు నెలలూ మబ్బులే తప్ప పదును (విత్తేటంత తడి) కాలేదు, ఆశ్లేష కార్తె మొదట్లో, ఆగస్టు 4 రాత్రి మాత్రం దంచి కొట్టింది. తెల్లారేసరికి చిన్నాయన చెనిక్కాయ విత్తనం (మీ వేరుశనగే) మూటలు తెచ్చి వసారాలో పెట్టేసినాడు, ట్రాక్టర్ కూడా మాట్లాడేసినాడు. నేను వద్దన్నా.

చిన్నాయన: పదునయింది, ఏసేదే. ఇంగ దీంట్లో మాట్లాడేదేముంది?

నేను: పదునైంది సరే, అదును పోయింది గదా చిన్నాయనా. రేకులకుంట వ్యవసాయ పరిశోధనా కేంద్రమోళ్లు మొత్తుకునేది అదే, జూలై దాటినాక చెనిక్కాయ జోలికి పోవద్దు, కందో అలసందో ఉలవో చూసుకోమని.

చిన్నాయన: వాళ్లకి ఒకటో తారీకు జీతం పడతాది అబ్బీ. మా నాయన ఆశ్లేషలో ఏసి ఎకరాకి పది మూటలు తీసినాడు.

నేను: ఏ సంవత్సరం?

చిన్నాయన: సంవత్సరం యాడ గుర్తుంటాది. తీసినాడు.

నేను: చూసినావా, పండిన ఏడాది ఒక్కటి ఇంటిల్లిపాదీ చెప్పుకుంటాం, పోయిన పదేళ్లు ఎవరూ ఎత్తరు. మన జిల్లాకి ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు, అందులో నైరుతిది 338. పడమటి కనుమలు నీళ్లన్నీ అవతలే దింపుకుని మనకి గాలి తోలతాయి, బంగాళాఖాతం వాన మన దాకా వచ్చేసరికి చుక్కలవుతాది, అది తాతల నాటి నుంచీ ఉండేదే, దానికి నేనేం ఏడవడం లేదు. ఎంత పడిందని కాదు, పైరు ఏ వయసులో ఉండగా పడిందనేదే లెక్క. చెనిక్కాయ నెలకి పూతకొస్తాది, నలభై రోజుల నుంచి ఊడలు దిగుతాయి, ఊడ మట్టిలో దిగితేనే కాయ, ఆ టైములో పైమట్టి గట్టిపడిందంటే ఊడ ఆడే సూది మాదిరి ఎండి ఏలాడతాది. 2023లో నీ చేత్తోనే పీకినావు గదా, చెట్టుకి నాలుగు కాయలు, అందులో రెండు లొట్టలు. 1901 నుంచి లెక్క తీస్తే దేశం మొత్తానికి అంత ఎండిన ఆగస్టు లేదంట. ఇప్పుడు ఏస్తే నవంబర్ ఆఖర్లో పీకాల. 2021 నవంబర్లో చిత్రావతి పొంగిందే, అట్లాంటి వాన పడిందనుకో, ఈ కదిరి-6 రకం విత్తనానికి నిద్రావస్థ లేదు, భూమిలోనే మొలకలొచ్చేస్తాది. అదే కంది అయితే వేరు కిందికి పోతాది, ఇరవై రోజులు చినుకు లేకపోయినా ఓర్చుకుంటాది, మళ్లా పడితే చిగురేస్తాది, ఎకరాకి మూడు కిలోల విత్తనం చాలు. చెనిక్కాయకి యాభై అరవై కిలోల పప్పు, తినే పప్పు, తీసుకపోయి మట్టిలో పోస్తాండాం.

చిన్నాయన: అయిపాయనా? ఎద్దులకేం పెడతావు?

నేను: అంటే...

చిన్నాయన: కంది పుల్లలు పెడతావా? కాయ రాకపోయినా చెనిక్కాయ తీగ ఎండి కట్టె వస్తాది అబ్బీ. ఆ కట్టె వామి ఉంటేనే ఎండాకాలం ఎద్దులు నిలబడేది. 2018లో కాయలు మూటెడు రాలే, కట్టె అమ్మి కట్టినా నీ హాస్టల్ ఫీజు. మర్చిపోతివా?

(మర్చిపోలేదు. కాసేపు నా నోట మాట రాలేదు, పిన్నమ్మ వంటింట్లోంచి తొంగి చూసి పోయింది.)

నేను: ఆ కట్టె కూడా నవంబర్ వానకి తడిస్తే నల్లబడి బూజొస్తాది, గొడ్లు మూతి పెట్టవు.

చిన్నాయన: తడిస్తే గదా. చెనిక్కాయకి ఇన్సూరెన్స్ అన్నా ఉంది.

నేను: ఉంది. ఎన్నిసార్లొచ్చింది?

చిన్నాయన: ఎట్లొస్తాది, వాన కొలిచే డబ్బా తీసుకపోయి మండలం కాడ పెట్టుకున్నారు. ఆడ పడింది, ఈడ పడలే. మన వంకకి అవతల గట్టు బురద, ఇవతల దుమ్ము, అడిగితే కంపెనీవోడు కాగితం చూపిస్తాడు, మీకు పడింది పో అని. నువ్వూ వాడి మాదిరే 338, 338 అంటాండావు, ఆ 338 నా చేలో పడిందా?

నేను: నేను చెప్పేదీ అదే గదా, ఆ లెక్కని నమ్ముకుని...

చిన్నాయన: నువ్వు చెప్పేది కాదురా, అది నేను చెప్పేది.

నేను: సరే నీదే. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయని నువ్వే అంటావు గదా, ఈసారి ఆరుద్రలో చుక్క లేదు, మరి ఏం ధైర్యంతో పోస్తాండావు?

చిన్నాయన: ఇంతసేపు రేకులకుంట, ఇప్పుడు సామెతలా? ఏదో ఒకటి పట్టుకో.

నేను: మేత కోసమే అయితే ఎనిమిదెకరాలెందుకు? రెండెకరాలు ఎయ్యి చెనిక్కాయ. మిగతా ఆరు కంది.

చిన్నాయన: మూటలు కొనేసినా.

నేను: మిగిలిన పప్పు గానుగకి ఏద్దాం, నూనెన్నా వస్తాది.

చిన్నాయన: విత్తనం పప్పు గానుగకా! మందు పూసింది రా అది, తిని చస్తావా?

(అది నాకు తట్టలేదు.)

నేను: పూసింది ఒక్క మూటే గదా, మిగతావి పూయలే. నేను చూసినా.

చిన్నాయన: ...నాలుగెకరాలు.

నేను: మూడు.

చిన్నాయన: మూడున్నర, వంక పక్క చెక్క కలుపుకుని. ఆ ట్రాక్టరోనికి ఫోన్ చెయ్, కంది పోసే ప్లేటు కూడా తెచ్చుకోమను. లేదంటాడు చూడు.