ఫైల్లో ఏముందో చెప్పకుండా ‘యస్’ నొక్కమంటారేంటి?

ఇందాక తెనాలి నుంచి మావయ్య ఫోన్ చేశాడు. మందుల షాపు ఆయనది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు వాట్సాప్‌లో ఒక బ్యాట్ ఫైలు (కంప్యూటర్ వరసగా నడిపే ఆదేశాల జాబితా) పంపారట. ముందు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యండి, తర్వాత ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ (అంటే అడ్మిన్ అధికారాలతో నడపడం) పెట్టండి, ఏం అడిగినా యస్ నొక్కండి అన్నారట. మావయ్య నొక్కకుండా నాకు ఫోన్ చేశాడు, దేవుడి దయ. సపోర్ట్ కుర్రాడు షాపు ఫోన్‌లో ఇంకా లైన్లోనే ఉన్నాడు. స్పీకర్ పెట్టించి "ఈ ఫైలు ఏం చేస్తుంది బాబూ?" అని అడిగాను. "అప్‌డేట్ సార్, అందరికీ ఇదే పెడుతున్నాం, ఏం కాదు" అన్నాడు. మళ్లీ అడిగితే "మీకు డౌట్లు ఎక్కువ సార్. రేపు బిల్లు రాకపోతే మమ్మల్ని అడగొద్దు" అని పెట్టేశాడు.

ఫైలు నాకు పంపించుకుని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది.

విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఇక ముందు సీ డ్రైవ్ మొత్తాన్నీ చూడకూడదని ఒక లైను. విండోస్ అడిగే ఆ యస్, నో పెట్టె అసలు రాకుండా ఆపేయడానికి ఇంకో లైను. వాళ్ల ఫోల్డర్లో ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చని పర్మిషన్ ఇస్తూ ఇంకోటి. ఆ కిందనే, అదే ఫోల్డర్లో ఉన్న స్క్రిప్టును (అదీ ఆదేశాల ఫైలే) ప్రతి రాత్రీ సిస్టమ్ అకౌంట్ మీద నడపమని షెడ్యూల్ చేసే లైను. ఈ చివరి రెండూ కలిపి చదవండి. ఆ కంప్యూటర్ ముందు కూర్చునే ఎవరైనా, పెన్‌డ్రైవ్‌లో వచ్చే ఏ చెత్త వైరస్ అయినా ఆ స్క్రిప్టులో తనకు కావలసింది రాసేస్తే చాలు, రాత్రికి దాన్ని విండోసే అత్యున్నత అధికారంతో నడిపిపెడుతుంది. దీని పేరు అప్‌డేట్!

అసలు ఘోరం ఇంకా కింద ఉంది. పాత బ్యాకప్‌లు తీసేయడానికి డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లోకి వెళ్లమని ఒక లైను, అక్కడున్నవన్నీ అడక్కుండా డిలీట్ చెయ్యమని తర్వాతి లైను. మావయ్య కంప్యూటర్‌లో డీ డ్రైవే లేదు. బ్యాట్ ఫైలు ఒక లైను ఫెయిలయిందని ఆగదు, తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది. పైగా అడ్మిన్‌గా రన్ చేసిన బ్యాట్ ఫైలు మొదలయ్యేది అది ఉన్న ఫోల్డర్లో కాదు, విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్లో. అంటే ఆ డిలీట్ ఎక్కడ నడిచేదో మీరే చూడండి. విండోస్ తన ఫైళ్లలో చాలావాటిని అడ్మిన్‌ను కూడా ముట్టుకోనివ్వదు కాబట్టి అన్నీ పోకపోవచ్చు. కంప్యూటర్ మొరాయించడానికి పోయేవి చాలు, పొద్దున్నే షాపు తెరిస్తే మందుల కోసం జనం నిలబడి ఉంటారు. ఫోల్డర్ ఉందో లేదో చూసి, లేకపోతే ఆగిపొమ్మని ఒక్క లైను రాస్తే సరిపోయేది. అది రాయడానికి ఎంతసేపు పడుతుంది?

వీళ్లకు అడ్మిన్ ఎందుకు కావాలో కూడా చెబుతాను. ఆ సాఫ్ట్‌వేర్ బిల్లుల డేటాను విండోస్‌లో ప్రోగ్రాములు ఉండే ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డర్లోనే దాచుకుంటుంది. మామూలు యూజర్‌గా నడిపితే అక్కడ రాయడం కుదరదు. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. డేటాను వేరే ఫోల్డర్‌కు మార్చుకోవడం వాళ్లు చేయాల్సిన పని. అది చెయ్యకుండా, ఎర్రర్ వచ్చిన ప్రతి షాపులోనూ రక్షణలన్నీ తీసేయిస్తున్నారు. అడ్మిన్‌గా రన్ చెయ్యమంటే సంతకం పెట్టిన ఖాళీ ప్రామిసరీ నోటు చేతిలో పెట్టమనడమే. మావయ్య జన్మలో ఎవరికీ అలాంటి కాగితం ఇచ్చి ఉండడు. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అడగడమే తప్పన్నట్టు మాట్లాడతారు.

చిన్న కంపెనీలు, వాళ్లకేం తెలుసు అంటారేమో. పెద్దవాళ్ల సంగతీ చూడండి. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో పాత లాగ్‌లు (కంప్యూటర్ తన పని గురించి రాసుకునే చిట్టాలు) తుడిచే స్క్రిప్టు ఒకటి నడుస్తోంది. అది నడుస్తుండగానే దాని స్థానంలో కొత్త వెర్షన్ పెట్టారు. ఆ స్క్రిప్టును నడిపే ప్రోగ్రామ్ పేరు బ్యాష్, అది స్క్రిప్టును మొత్తం ముందే చదివి పెట్టుకోదు, నడుపుతూ చదువుతుంది. దాంతో మధ్యలోంచి కొత్త ఫైలు చదివింది, ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) ఖాళీ అయింది, లాగ్‌లకు బదులు పరిశోధకుల ఫైళ్లు తుడుచుకుంటూ పోయింది. 77 టెరాబైట్లు, దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు. 14 పరిశోధన బృందాల పని. అందులో 4 బృందాలవి బ్యాకప్ నుంచి కూడా రాలేదు. ఆ వ్యవస్థ చూసుకునే హ్యూలెట్ ప్యాకర్డ్ జపాన్ విభాగం మాత్రం పూర్తి బాధ్యత మాదేనని రాతపూర్వకంగా ఒప్పుకుంది.

మన దగ్గర ఎవరైనా అలా ఒప్పుకోగా చూశారా? నేను చూడలేదు. మాదాపూర్‌లో నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక సీనియర్ రాసిన క్లీనప్ స్క్రిప్టు ఉండేది. రూట్‌గానే, అంటే సర్వర్ మీద పూర్తి అధికారంతోనే నడపాలి. ఫోల్డర్ పేరు వేరియబుల్‌లోంచి వస్తుంది, దానికి విలువే ఇవ్వకపోతే తుడిచేది సర్వర్ మొత్తాన్ని. పైన ‘సెట్ మైనస్ యూ’ అని ఒక్క లైను ఉంటే విలువ ఇవ్వని వేరియబుల్ దగ్గరే ఆగిపోయేది. కొత్తగా చేరిన అమ్మాయి ఇది ఏం చేస్తుందని అడిగింది. డాక్యుమెంట్‌లో ఉన్నది చెయ్యమ్మా, ప్రతిదానికీ ప్రశ్నలేనా అన్నారు. చెప్పినట్టే చేసింది, సర్వర్ పోయింది. మీటింగ్‌లో మొదటి ప్రశ్న: "ఎవరు రన్ చేశారు?" రాసిందెవరని ఎవరూ అడగలేదు. ఆ సీనియర్ అక్కడే కూర్చుని "రన్ చేసే ముందు ఒకసారి చూసుకోవాలి కదా" అన్నాడు. అడిగినప్పుడు నోరు మూయించిన మనిషే ఆ మాట అన్నాడు! ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. కొన్నాళ్లకే మానేసింది. ఆయనకు ప్రమోషన్ వచ్చింది. ఇవాళ ఆ కుర్రాడు "డౌట్లు ఎక్కువ" అనగానే నాకు ఆ మీటింగ్ రూమే గుర్తొచ్చింది.

మీ షాపుకో ఆఫీసుకో ఇలాంటి ఫైలు వస్తే నొక్కకండి, నాకు పంపండి. ఎంత రాత్రయినా సరే లైను లైనూ చదివి చెబుతాను. పంపినవాళ్ల పేరు, తేదీ, వాళ్లన్న మాట రాసి పెట్టుకోండి. ఏదైనా పోయిన రోజున మొదటి ప్రశ్న రాసినవాడికే పడాలి.